కలం పిల్లల చేతిలోనే



ముందుగా ఒక చిన్న లెక్క చెబుతాను. ఉన్నత పాఠశాలలో తెలుగో ఇంగ్లీషో చెప్పే ఒక ఉపాధ్యాయురాలిని తలచుకోండి. ఆమెకు 5 సెక్షన్లు. సెక్షనుకు 40 మంది. మొత్తం 200 మంది పిల్లలు. 'మీ ఊరి గురించి రాయండి' అని ఆమె ఒక వ్యాసం ఇచ్చారు. మర్నాటికి 200 నోటుపుస్తకాలు బల్ల మీదికొచ్చాయి. ఒక్కో వ్యాసం నిదానంగా చదివి, ఎక్కడ బాగుందో, ఎక్కడ తడబడిందో చూసుకుని, రాసిన పిల్లకు పనికొచ్చే నాలుగు మాటలు కింద రాయడానికి 10 నిమిషాలు పడుతుందనుకుందాం. మొత్తం 2,000 నిమిషాలు. అంటే 33 గంటల పైమాట. ఒక్క వ్యాసానికి!

ఆమె రోజూ పాఠాలు చెప్పాలి, హాజరు వేయాలి, యాప్‌లో వివరాలు ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడాలి, పరీక్ష పేపర్లు దిద్దాలి. ఆ 33 గంటలు ఎక్కడి నుంచి తేవాలి? అందుకే పేజీ చివర ఒక ఎర్ర టిక్కు, పొట్టి సంతకం, తేదీ పడతాయి. ఇందులో ఉపాధ్యాయుల తప్పు నాకు కనిపించదు. ఎవరిని ఆ కుర్చీలో కూర్చోబెట్టినా అదే జరుగుతుంది. అయితే ఆ టిక్కు పిల్లవాడికి ఏం చెబుతుంది? నువ్వు రాసింది చూశాను అని చెబుతుంది. చదివాను అని చెప్పదు. తాను రాసినదాన్ని ఎవరూ చదవరని పదేళ్ల పాటు ఏడాదికేడాది తెలుసుకుంటూ వచ్చిన పిల్లవాడు రాయడం మీద ఎందుకు ఆశ పెట్టుకుంటాడు?

ఇదే లెక్క అమెరికాలో ఒక రచయితను కదిలించింది. ఆయన పేరు డేవ్ ఎగ్గర్స్. ఇంట్లోనూ స్నేహితుల్లోనూ ఆయన చుట్టూ టీచర్లే. వాళ్లందరి దగ్గరా ఒకటే మాట విన్నాడాయన. తరగతిలో పిల్లలు ఎక్కువ, వాళ్లలో చాలామందికి ఇంట్లో ఇంగ్లీషు లేదు, ఒక్కొక్కరి పక్కన కాసేపు కూర్చునే మనిషి దొరికితే పైకొస్తారు, ఆ మనిషి మాకు లేడు అని. ఆయనకు తెలిసినవాళ్లలో ఇంకో రకం మనుషులూ ఉన్నారు. రచయితలు, పత్రికలవాళ్లు, విశ్వవిద్యాలయాల్లో పై చదువులు చదువుతున్నవాళ్లు. మాటతో బతికేవాళ్లు, పగటిపూట కొంత తీరిక ఉన్నవాళ్లు. ఒకవైపు అవసరం ఉంది, మరోవైపు తీరిక ఉంది. ఈ రెండూ కలుసుకునే చోటు మాత్రం లేదు.

ఆ చోటును 2002లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో తెరిచారు. మిషన్ డిస్ట్రిక్ట్ అనే పేట. మెక్సికో నుంచీ, మధ్య అమెరికా దేశాల నుంచీ వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువగా ఉండే ప్రాంతం. ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లీషు. అక్కడ వాలెన్సియా వీధిలో 826 నంబరు భవనం అద్దెకు తీసుకున్నారు. ఆ చిరునామాయే సంస్థ పేరయింది. ఎగ్గర్స్‌తో పాటు దీన్ని స్థాపించినామె నినివే కలెగారి. ఆవిడ స్వయంగా ఉపాధ్యాయురాలు.

మొదట్లోనే ఒక చిక్కు వచ్చింది. ఆ వీధి వ్యాపారానికి కేటాయించిన వీధి. వీధివైపు ఏదో ఒక దుకాణం నడపాల్సిందేనని నగరపాలకుల నిబంధన. ఏం అమ్మాలి? సముద్రపు దొంగలకు కావలసిన సరుకులు అమ్ముదామనుకున్నారు! కంటికి కట్టుకునే నల్ల పట్టీలు, పుర్రె బొమ్మల జెండాలు, కొయ్యకాళ్లు. ముందు దొంగల కొట్టు, వెనక బల్లలు, కుర్చీలు, పుస్తకాలు, పిల్లలు. నిబంధన కోసం పెట్టిన ఆ కొట్టు అసలు పనికి ఎంతో మేలు చేసింది. 'వెనకబడ్డ పిల్లల కేంద్రం' అని బోర్డు పెట్టి ఉంటే, ఆ గుమ్మం దాటడానికి పదమూడేళ్ల పిల్లవాడు సిగ్గుపడేవాడు. దొంగల కొట్టులోకి వెళ్లడానికి సిగ్గేముంది? చదువులో ముందున్నవాడూ, వెనకున్నవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. మన దగ్గర ఇలాంటి పని తలపెట్టేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. సాయం తీసుకునే పిల్లల్ని వేరు చేసి నిలబెట్టామా, సగం సాయం అక్కడే వృథా అయిపోతుంది.

తలుపులు తెరవగానే పిల్లలు పరుగెత్తుకు రాలేదు. కొన్ని నెలల పాటు వాలంటీర్లు ఖాళీ బల్లల దగ్గర కూర్చున్నారు. ముందు దొంగల కొట్టు, వెనక ఉచితంగా చదువు చెబుతామంటున్న కొత్త మనుషులు. ఏ తల్లి నమ్మి పంపుతుంది? కలెగారి నిర్వహణ చేపట్టాక పరిస్థితి మారింది. ఆవిడకు ఆ ఊరి టీచర్లు తెలుసు, ఆ పేట తల్లిదండ్రులు తెలుసు. వాళ్ల ద్వారా నమ్మకం వచ్చింది, నమ్మకం వెనక పిల్లలు వచ్చారు. పేరున్న రచయిత చేయలేని పనిని పేటలో ముఖపరిచయం ఉన్న పంతులమ్మ చేయగలిగింది.

2008లో ఎగ్గర్స్ ఒక ప్రసంగంలో ఈ కథంతా చెప్పాడు. ఏడాదికి 35 నుంచి 40 గంటలు ఒక్కరి పక్కన ఒక్కరు కూర్చుంటే విద్యార్థి ఒక తరగతి స్థాయి పైకి వెళతాడని అందులో అన్నాడు. నేను ఆ అంకెను వేదవాక్కుగా తీసుకోను. పిల్లలందరూ ఒక్కలా ఉండరు, కూర్చునేవాళ్లూ ఒక్కలా ఉండరు. కానీ ఆ గంటలు మన అందుబాటులో ఉన్నవేనని మాత్రం గమనించాను. జూన్ నుంచి ఏప్రిల్ దాకా, పండుగ సెలవులు తీసేసి, వారానికి ఒక గంట వేసుకుంటే దాదాపు అంతే వస్తుంది.

ఆ తర్వాత న్యూయార్క్‌లో, లాస్ ఏంజెలిస్‌లో, ఇంకొన్ని నగరాల్లో ఇలాంటివే వచ్చాయి. డబ్లిన్‌లో రోడీ డాయిల్, లండన్‌లో నిక్ హార్న్‌బీ లాంటి నవలాకారులు అదే దారిలో నడిచారు. ఆ వివరాల్లోకి వెళ్లను. ఎందుకంటే మనకు ఎక్కువ పనికొచ్చే నమూనా శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి అవతలి ఒడ్డున, బర్క్‌లీ అనే ఊళ్లో ఉంది.

అక్కడి హైస్కూల్లో 2001లో 'రైటర్‌కోచ్ కనెక్షన్' అనే కార్యక్రమం మొదలైంది. దీనికి దుకాణం లేదు, వేరే భవనం లేదు. ఊళ్లోవాళ్లే శిక్షణ తీసుకుని, బడి జరిగే వేళలోనే బడికి వస్తారు. టీచరు ఇచ్చిన వ్యాసాన్నే పట్టుకుని ఒక్కో విద్యార్థి పక్కన కూర్చుంటారు. బడి అయ్యాక వేరే చోటికి రమ్మంటే అందరూ రాలేరు. తమ్ముణ్ణి చూసుకోవాల్సిన పిల్ల రాలేదు, పనికి పోవాల్సిన పిల్లవాడు రాలేడు. బడి వేళలో జరిగితే ఎవరూ తప్పిపోరు. మన పల్లెల్లో సాయంత్రం నాలుగు దాటాక ఆర్టీసీ బస్సు పట్టుకోవాల్సిన ఆడపిల్లలు ఎంతమందో మీకు తెలుసు.

రాయడం నేర్పడంలో బర్క్‌లీకి అంతకుముందే కొంత చరిత్ర కూడా ఉంది. 1974లో అక్కడి విశ్వవిద్యాలయంలో జేమ్స్ గ్రే అనే ఆయన టీచర్ల కోసం ఒక రచనా కార్యక్రమం ప్రారంభించాడు. రాయడం నేర్పేవాళ్లు తామూ రాయాలి, ఒకరి రాతలు ఒకరు చదువుకోవాలి అనేది దాని మూలసూత్రం. తర్వాత అదే దేశమంతటా పాకింది. తాను కూర్చుని ఒక పేజీ రాసి, నలుగురి ముందు చదివి, ఆ గుండెదడ తెలిసిన మనిషి పిల్లవాడి పేజీని ఎర్ర గీతలతో నింపడు.

ఎర్ర గీతల మాట వచ్చింది కాబట్టి ఇంకొకరి గురించి చెప్పాలి. ఆవిడ పేరు మీనా షానెస్సీ. న్యూయార్క్ సిటీ కాలేజీలో పనిచేశారు. 1970లో ఆ నగర విశ్వవిద్యాలయానికి చెందిన కాలేజీలు నగరంలో హైస్కూలు పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ తలుపులు తెరిచాయి. అప్పటిదాకా కాలేజీ గడప తొక్కని కుటుంబాల పిల్లలు వేల సంఖ్యలో వచ్చారు. వాళ్లు రాసిన వ్యాసాలు చూసి చాలామంది అధ్యాపకులు నోరెళ్లబెట్టారు, వీళ్లకు చదువు రాదని తేల్చేశారు. షానెస్సీ మాత్రం దాదాపు 4,000 వ్యాసాలు ముందేసుకుని కూర్చున్నారు. తప్పులు లెక్కపెట్టడానికి కాదు, ఆ తప్పులు ఎలా పుట్టాయో తెలుసుకోవడానికి. 1977లో ఆవిడ పుస్తకం వచ్చింది. విద్యార్థుల తప్పులు అజాగ్రత్త వల్లా, తెలివి లేకా వచ్చేవి కావనీ, వాటి వెనక ఒక తర్కం ఉంటుందనీ, ఆ తర్కాన్ని కనిపెడితే నేర్పడం సాధ్యమేననీ ఆవిడ ఉదాహరణలతో చూపించారు.

ఇది మన తెలుగుకు ఎంత సరిపోతుందో చూడండి. 'బాధ' అనే మాట ఉంది. మొదటి అక్షరానికి వత్తు లేదు, రెండోదానికి ఉంది. పిల్లలు, పిల్లలేమిటి పెద్దలు కూడా, రెండు అక్షరాలకూ వత్తు పెట్టి రాస్తారు. పైకి ఇది అజాగ్రత్తలా కనిపిస్తుంది. నిజానికి రాసినవాళ్లకు ఇందులో ఎక్కడో ఒక వత్తు ఉందని తెలుసు. మన నోటిలో ఆ వత్తు గట్టిగా పలకదు కాబట్టి ఎక్కడుందో చెవి చెప్పదు. ఎందుకైనా మంచిదని రెండుచోట్లా పెట్టారు. అంటే వాళ్లకు సగం తెలుసు. సగం తెలిసిన పిల్లను 'నీకేమీ రాదు' అని కసిరితే ఆ సగం కూడా పోతుంది. పక్కన కూర్చున్న మనిషి ఆ సగాన్ని ముందు గుర్తించి, మిగతా సగం చూపిస్తే ఐదు నిమిషాల పని. 200 పుస్తకాల ముందు కూర్చున్న టీచరుకు ఆ ఐదు నిమిషాలు లేవు. పక్కన కూర్చున్న వాలంటీరుకు ఉన్నాయి.

ఇంకోటి ఉంది, ఇది తప్పు అని కూడా అనకూడనిది. శ్రీకాకుళం పిల్ల 'లేదు' అనడానికి 'నేదు' అని రాస్తుంది. కరీంనగర్ పిల్లవాడు 'వచ్చిండు' అని రాస్తాడు. అది వాళ్ల అమ్మ భాష. వందేళ్ల కిందట మన గడ్డ మీద జరిగిన పెద్ద పోరాటమే పిల్లల వ్యాసరచన గురించి. మనం వ్యావహారిక భాషా వాదం అంటే పండితుల గొడవ అనుకుంటాం. కానీ దాని కేంద్రంలో ఉన్నది బడి. పిల్లలు తమ వ్యాసాన్ని తమకు రాని గ్రాంథికంలో రాయాలా, మాట్లాడే భాషకు దగ్గరగా రాయవచ్చా అన్నదే ప్రశ్న. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి, విశాఖపట్నంలో కాలేజీ నడిపిన పి.టి. శ్రీనివాస అయ్యంగార్, పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్, విజయనగరం నుంచి గురజాడ అప్పారావు మాట్లాడే భాష వైపు నిలిచారు. 1914లో గురజాడ గ్రాంథికాన్ని వ్యతిరేకిస్తూ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. ఆరోగ్యం కూలిపోతున్న ఆఖరి రోజుల్లో కూడా ఆయన అంత శ్రమ పడ్డది, పిల్లలు తమకు వచ్చిన భాషలో తాము అనుకున్నది రాసుకోవాలనే. ఏటా ఆగస్టు 29న గిడుగు పుట్టినరోజు నాడు తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం. ఆ రోజు బడిలో పిల్లల చేత భాష గొప్పదనం గురించి వ్యాసం రాయిస్తాం. దాన్ని కూడా పిల్లలు గైడు చూసే రాస్తారు. నాకిది నిజంగా బాధ కలిగించే విషయం.

గైడు గురించి కాస్త ఆగి మాట్లాడాలి. మన తెలుగు వాచకాలు పదేళ్ల పైబడి ఎంతో మారాయి. పాఠం చివర స్వీయరచన అని ఉంటుంది, సృజనాత్మకత అని ఉంటుంది. 'మీ సొంత మాటల్లో రాయండి' అని అడుగుతుంది పుస్తకం. వాచకాలు తయారుచేసినవాళ్ల ఉద్దేశం చాలా మంచిది. కానీ వాచకం వచ్చిన కొద్ది వారాలకే బజారులోకి గైడు వస్తుంది, అందులో ఆ ప్రశ్నకు కూడా జవాబు అచ్చయి ఉంటుంది. మీ ఊరి జాతర గురించి మీరు ఏమనుకుంటున్నారో గైడు చెబుతుంది! ఒకే తరగతిలో 40 మంది అదే రాస్తారు. మార్కులూ వస్తాయి. పూర్వం ఆవు వ్యాసం ఒక్కటే కంఠస్థం చేసి అన్నింటికీ అదే అతికించేవాడి కథ చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు ప్రతి అంశానికీ ఒక ఆవు సిద్ధంగా ఉంది. పిల్లల్ని తప్పుపట్టలేం. 'నీ సొంత మాట నాకు కావాలి' అని వాళ్లతో ఎవరూ ఎదురుగా కూర్చుని అనలేదు.

మరి ఎదురుగా, కాదు, పక్కన కూర్చుంటే ఏమవుతుంది? ఊహించి ఒక ఉదాహరణ చెబుతాను. తొమ్మిదో తరగతి అమ్మాయి. శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. సంక్రాంతి గురించి వ్యాసం రాసింది. 'సంక్రాంతి తెలుగువారి పెద్ద పండుగ. భోగి, సంక్రాంతి, కనుమ అని మూడు రోజులు జరుపుకుంటారు. ముగ్గులు వేస్తారు. హరిదాసులు వస్తారు.' ఇలా ఒక పేజీ. హరిదాసును ఆ పిల్ల ఎన్నడైనా చూసిందో లేదో తెలియదు. చివర ఎక్కడో, పేజీ నింపడానికన్నట్టు, ఒక్క వాక్యం: 'మా నాన్న ఈసారి పండక్కి రానేదు.'

ఎర్రపెన్ను ఉన్న మనిషి 'రానేదు' కింద గీత గీసి 'రాలేదు' అని దిద్దుతారు. రాత నేర్పడానికి వచ్చిన వాలంటీరు ఆ వాక్యం దగ్గర ఆగుతుంది. పేజీ మొత్తం మీద ఆ పిల్ల రాసిన వాక్యం అదొక్కటే, మిగతావన్నీ గైడు రాసినవి.

'నాన్న ఎక్కడుంటారమ్మా?' అని అడుగుతుంది.

'హైదరాబాద్‌లో మేడమ్. సెంట్రింగ్ పని.'

'ప్రతి ఏడూ వచ్చేవారా?'

'వస్తాడు. భోగి ముందు రోజు వస్తాడు. ఈసారి మేస్త్రీ డబ్బులివ్వలేదని ఆగిపోయాడు. ఫోన్ చేశాడు.'

'ఫోన్‌లో ఏమన్నారు?'

ఆ పిల్ల కాసేపు ఏమీ మాట్లాడదు. ఇక్కడే వాలంటీరుకు అసలు పరీక్ష. మనకు మౌనం భరించడం కష్టం. వెంటనే ఏదో ఒకటి అనేస్తాం, పిల్ల బదులు మనమే జవాబు కూడా చెప్పేస్తాం. ఆగాలి. ఊరికే కూర్చోవాలి.

'అమ్మకి ఏం చెప్పాడో తెలీదు. నాతో మాత్రం, ముగ్గు ఫొటో తీసి పంపమ్మా అన్నాడు. మా ఇంటి ముందు రాళ్లున్నాయి మేడమ్, ముగ్గు సరిగా పడదు. అందుకని పెదనాన్న వాళ్ల వాకిట్లో వేసి ఫొటో తీశాను.'

అప్పుడు వాలంటీరు చెప్పాల్సింది ఒక్కటే. 'ఇప్పుడు నాకు చెప్పావు చూడు, అదే రాయమ్మా. నాకు చెప్పినట్టే రాయి.' ఆ తర్వాత కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, పిల్ల రాస్తున్నంతసేపూ చూపు పక్కకు తిప్పుకోవాలి.

ముగ్గుల గురించి గైడులో ఉన్న వాక్యానికీ, పెదనాన్న వాకిట్లో వేసిన ఆ ముగ్గుకూ ఎంత దూరం ఉందో మీరే చూడండి. వాలంటీరు ఆ పిల్లకు కొత్తగా ఏ మాటా నేర్పలేదు, అలంకారాలు చెప్పలేదు. ఆమె నిజంగా తెలుసుకోవాలనుకుంది, అందుకే అడిగింది. 'రానేదు' సంగతి ఏమిటంటారా? వచ్చే వారం చూసుకోవచ్చు. 'మీ ఇంట్లో ఇలా అంటారు, పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పోవు, కథ రాసేటప్పుడు నాన్న మాటల్ని నాన్న అన్నట్టే ఉంచు' అని తేడా చెబితే తొమ్మిదో తరగతి పిల్లకు చక్కగా అర్థమవుతుంది. రెండూ తెలియడం ఆ పిల్ల హక్కు. ఒకటి నేర్పడానికి ఇంకోదాన్ని అవమానించనక్కరలేదు.

ఇలా పక్కన కూర్చునేవాళ్లకు చెప్పే మొదటి నియమం, కలం పిల్లవాడి చేతిలోనే ఉండాలి అని. మీరు పెన్ను తీసుకున్నారంటే వ్యాసం మీదైపోయింది. మనలో బాగా రాయగలిగినవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ. పిల్లవాడి వాక్యం వంకరగా కనిపిస్తుంది, మన చేతులు ఊరుకోవు, 'ఇలా అంటే ఇంకా బాగుంటుంది' అని ఒక చక్కని మాట అందిస్తాం. వాడు బుద్ధిగా రాసుకుంటాడు. వ్యాసం బాగుపడింది, వాడు మాత్రం అక్కడే ఉన్నాడు. 1984లో స్టీఫెన్ నార్త్ అనే అమెరికన్ అధ్యాపకుడు విశ్వవిద్యాలయాల రచనా కేంద్రాల గురించి రాసిన ఒక వ్యాసంలో ఈ సంగతే గట్టిగా వాదించాడు. రాసిన కాగితాన్ని మెరుగుచేయడం ఆ కేంద్రాల పని కాదు, రాసే మనిషిని మెరుగుచేయడమే వాటి పని అన్నది ఆయన వాదన. నలభై ఏళ్లయినా ఆ పని చేసేవాళ్లు ఇప్పటికీ దాన్ని చదువుతూనే ఉన్నారు.

మెచ్చుకోవడం గురించి కూడా ఒక మాట. 'చాలా బాగా రాశావు' అంటే పిల్లకు ఏమీ అందదు. 'రాళ్ల మీద ముగ్గు పడదు అన్నావే, అక్కడ నాకు మీ వాకిలి కళ్ల ముందు కనిపించింది' అంటే, ఈసారి అలాంటిది ఇంకొకటి ఎలా రాయాలో ఆ పిల్లకు తెలుస్తుంది.

ఇదంతా అమెరికాలో అయితే సరే, మన దగ్గర ఎవరు వస్తారు అని మీరు అనుకోవచ్చు. మన దగ్గర రారన్న మాట నేను ఒప్పుకోను. 2005 నుంచి ప్రథమ్ సంస్థ 'అసర్' పేరుతో సర్వే చేయిస్తోంది. దేశంలోని పల్లెలకు వాలంటీర్లు వెళ్లి, ఇంటి దగ్గరే ఒక్కో పిల్లవాడి పక్కన కూర్చుని, చదవమని ఇస్తారు, లెక్క చేయమంటారు. కాలేజీ విద్యార్థులు కూడా ఆ పనికి వెళతారు. ఒక్క పిల్లవాడి పక్కన ఒక్క మనిషి కూర్చోవడం మన పల్లెల్లో జరిగే పనేనని అది చూపించింది. అయితే ఆ సర్వేలో ముఖ్యంగా చూసేది చదవడం, లెక్కలు. రాయడం కాదు. దాన్ని ఊరు పట్టించుకోవాలి.

ఎవరు పనికొస్తారు? పదవీ విరమణ చేసిన టీచర్లు సరే, వాళ్లు రావాలి. కానీ వాళ్లే కానక్కర్లేదు. బ్యాంకులో పనిచేసి దిగిపోయినవారు, పోస్టాఫీసులో చేసినవారు, డిగ్రీ చదువుతున్న అమ్మాయిలు, విలేకరులు, ఏ వారమూ వారపత్రిక వదలకుండా చదివే గృహిణులు. నన్నడిగితే, వ్యాకరణం బాగా వచ్చినవాళ్లకన్నా కథలు ఇష్టంగా చదివేవాళ్లు ఈ పనికి ఎక్కువ పనికొస్తారు. వాళ్లకు 'తర్వాత ఏమైంది?' అని అడిగే అలవాటు ఉంటుంది. దూరంగా ఉన్నవాళ్లకు కూడా ఇందులో చోటుంది. 2007లో కాలిఫోర్నియాలో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో అమెరికాలోని తెలుగువాళ్లు తమ సెలవు పూటల్లో పిల్లలకు తెలుగు చెబుతున్నారు, స్వచ్ఛందంగానే. అక్కడ తెలుగు అక్షరాలు దిద్దుకుంటున్న పిల్లకు తెనాలిలో ఉన్న అమ్మమ్మ కన్నా మంచి పాఠకురాలు ఎవరు దొరుకుతారు? నాలుగు వాక్యాలు రాసి ఫోన్‌లో పంపితే, అమ్మమ్మ తప్పులు వదిలేసి సంగతి గురించి తిరిగి ప్రశ్న అడిగితే చాలు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో, పిల్లల తల్లిదండ్రులకు తెలిసి, అందరికీ కనబడే చోట కూర్చోవాలి. వరండాలోనో, గ్రంథాలయం గదిలో తలుపులు తీసిపెట్టో. వచ్చేవాళ్ల వివరాలు బడి కనుక్కోవాలి, అందులో మొహమాటం వద్దు. పిల్లలు రాసేటప్పుడు ఇంటి సంగతులు బయటపడతాయి. తాగే తండ్రి, అప్పులు, ఆగిపోబోతున్న చదువు. అవి ఊళ్లో కబుర్లు కాకూడదు. పిల్లకు ఆపద ఉందనిపిస్తే మాత్రం దాచకుండా ప్రధానోపాధ్యాయులకు చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, మొదలుపెట్టి మానేయకూడదు. ఇవాళ వచ్చి, రెండు వారాలు మంచిగా మాట్లాడి, తర్వాత కనబడకుండా పోతే ఆ పిల్లకు ఎర్ర టిక్కు కన్నా ఎక్కువ నొప్పి కలుగుతుంది. రాలేననుకుంటే మొదలే పెట్టకండి.

రాసింది నలుగురికీ చేరే దారి కూడా ఉండాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో పిల్లల రచనల్ని చక్కని పుస్తకాలుగా అచ్చువేస్తారు. అచ్చవుతుందని తెలిస్తే పిల్లలు అదే వాక్యాన్ని నాలుగుసార్లు తిరగరాయడానికైనా వెనుకాడరు. మనకు అంత ఖర్చు అక్కర్లేదు. మన బడుల్లో లిఖిత పత్రిక అనే మంచి అలవాటు ఉండేది. మంచి దస్తూరీ ఉన్న పిల్లలు అందరి రచనలూ ఎత్తి రాసి, బొమ్మలు వేసి, దారంతో కుట్టేవాళ్లు. గోడపత్రికలు ఉండేవి. అనంతపురం జిల్లా నుంచి వెలువడిన 'కొత్తపల్లి' పత్రిక పల్లె బడుల పిల్లలు రాసిన కథలను అచ్చువేసి, వాళ్ల మాటల్లో ఎంత సత్తా ఉందో చూపించింది. లిఖిత పత్రికను మళ్లీ మొదలుపెట్టడానికి కావలసింది తెల్ల కాగితాలు, ఒక దబ్బనం, కాస్త దారం. ఊరి గ్రంథాలయంలో దానికో చోటు.

ప్రధానోపాధ్యాయులు ఎవరైనా వింటుంటే వారికి నా విన్నపం ఇది. వారానికి ఒక్క పీరియడ్ ఇవ్వండి. ఎనిమిదో తరగతిలో ఒక్క సెక్షనుతో మొదలుపెట్టండి, పదో తరగతితో వద్దు, అక్కడ పరీక్షల హడావిడి ఎవరినీ కుదురుగా కూర్చోనివ్వదు. మొత్తం సెక్షనుకు ఒకేసారి 40 మంది వాలంటీర్లు దొరకరు. పది మంది దొరికితే చాలు, ఒక్కొక్కరు వారానికి ఒక్కో పిల్లతో అరగంట చొప్పున కూర్చుంటూ పోతే, నెల తిరిగేలోపు సెక్షన్లో ప్రతి పిల్లకూ ఒక అరగంట వస్తుంది. తరగతిలో ఉపాధ్యాయులు ఇచ్చిన పనినే వాళ్లకు అప్పగించండి, వేరే పాఠం పెట్టకండి. నెలకోసారి ఉపాధ్యాయులూ వాలంటీర్లూ కలిసి టీ తాగుతూ, ఏ పిల్ల ఎక్కడ ఆగిపోతోందో మాట్లాడుకోండి.

వెళ్లాలనుకునేవారు మొదటి రోజు వ్యాసం జోలికి పోకండి. పేరు అడగండి, ఇంటికి ఏ దారిన వెళతావో అడగండి. ఆ దారి గురించి ఆరు వాక్యాలు రాయమనండి. పిల్లవాడు రాస్తుండగా మీరూ ఒక కాగితం తీసుకుని, చిన్నప్పుడు మీరు బడికి నడిచిన దారి గురించి ఆరు వాక్యాలు రాయండి. తర్వాత కాగితాలు మార్చుకోండి. ముందు మీది వాణ్ణి చదవనివ్వండి, ఏదైనా అర్థం కాకపోతే అడగమనండి.